బాగా చదివే పిల్లల మనసును బడి ఎలా చూసుకోవాలి: టీచర్లకు, తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

స్టాఫ్‌రూములో ఏ పిల్లల గురించి మాట్లాడుకుంటామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెనకబడినవాళ్లు, బడికి సరిగా రానివాళ్లు, అల్లరి చేసేవాళ్లు. క్లాసులో అందరికంటే ముందుండే అమ్మాయి పేరు వస్తే "ఆ అమ్మాయికేం, బంగారం" అని తర్వాతి పేరుకు వెళ్లిపోతాం. మార్కులు వస్తున్నాయి కాబట్టి బాగానే ఉందని అనుకుంటాం. టీచర్లకూ తల్లిదండ్రులకూ నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ పిల్లకు ఏమి వచ్చో మార్కులు చెబుతాయి, ఎలా ఉందో చెప్పవు. అది తెలియాలంటే విడిగా చూడాలి, విడిగా అడగాలి, బడిలో దానికంటూ ఒక ఏర్పాటు ఉండాలి.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. తెలివి ఎక్కువైతే మనసు చెడుతుందన్నది నిజం కాదు. అమెరికా మనస్తత్వవేత్త లూయీ టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది ప్రతిభావంతులైన పిల్లలను ఎంచుకుని దశాబ్దాల పాటు గమనించారు. మొత్తం మీద చూస్తే వాళ్లు ఆరోగ్యంగా, కుదురుగానే పెరిగారు. అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లలతో న్యూయార్క్‌లో దగ్గరుండి పనిచేసిన మనస్తత్వవేత్త లీటా హాలింగ్‌వర్త్ దీనికి మరో ముఖ్యమైన సంగతి జోడించారు. పిల్లల తెలివి తోటివారి స్థాయికి మరీ దూరమైతే, వాళ్లకు స్నేహితులు దొరకడం కష్టమవుతుందని ఆమె రాశారు. ఇబ్బంది పుట్టేది ఆ ఎడంలోనే. దాన్ని తగ్గించే పని చాలావరకు మన చేతుల్లో ఉంది.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, అంటే 13 నుంచి 17 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఈ వయసులో బుద్ధి ఒక వేగంతో, మనసు మరో వేగంతో, శరీరం ఇంకో వేగంతో ఎదుగుతాయి. డిగ్రీ స్థాయి లెక్క చేసిన పిల్లవాడే, పక్క బెంచీవాడు మాట్లాడలేదని సాయంత్రం ఏడవవచ్చు. రెండూ నిజమే.

మొదటి అడుగు: మార్కుల జాబితా లేకుండా గుర్తించండి

ఫస్ట్ ర్యాంకు వచ్చే పిల్లలంతా లోతైన ప్రతిభ ఉన్న కోవలోకి రారు. కొందరు స్టడీ అవర్లతో, ట్యూషన్లతో, పట్టుదలతో ఆ ర్యాంకు తెచ్చుకుంటారు. వాళ్ల అవసరాలు వేరు. లోతైన ప్రతిభ ఉన్నవాళ్లు కొందరు జాబితా మధ్యలో ఎక్కడో ఉంటారు. శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్‌తో చేరారు. గణితం తప్ప మరొకటి పట్టించుకోక, మిగతా సబ్జెక్టుల్లో తప్పి ఆ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. 1905 ఆగస్టులో ఇల్లు విడిచి విశాఖపట్నం వైపు బయలుదేరి, రాజమహేంద్రవరంలో నెల రోజుల దాకా ఉండిపోయారు. అప్పటికి ఆయన వయసు 17. అలాంటి పిల్లవాడు ఈ రోజు మన క్లాసులో ఉంటే ప్రోగ్రెస్ కార్డులో కనిపించేది రెండు ఎర్ర గీతలే.

కంటికి కనిపించకుండా పోయేవాళ్లు మరికొందరున్నారు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన పిల్లలు ఆలోచన పూర్తిగా ఉన్నా వాక్యం కుదరక నోరు విప్పరు. వాళ్లను ఒకసారి తెలుగులో వివరించమనండి, తేడా మీకే తెలుస్తుంది. ఏడో తరగతి దాకా ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తిన ఆడపిల్ల తొమ్మిదిలో తలవంచుకుని కూర్చుంటే అది వినయమని పొరబడకండి. "అతి తెలివి", "ఎంత నోరో" అన్న మాటలు ఎక్కడో తగిలి ఉంటాయి. మాటల్లో అద్భుతంగా వివరించి, రాతలో అక్షరాలు తారుమారు చేసే పిల్లవాడికి డిస్‌లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన సమస్య, ఉండవచ్చు. ప్రతిభ ఆ లోపాన్ని కప్పేస్తుంది, లోపం ప్రతిభను కప్పేస్తుంది, చివరికి "సోమరి" అన్న పేరు మిగులుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. వైద్యుల ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు. పదో తరగతి పరీక్షల దాకా ఆగకుండా ఎనిమిదిలోనే ఆ పని మొదలుపెట్టండి.

గుర్తించడానికి ఖరీదైన పరీక్షలు అవసరం లేదు. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వెళ్లండి. ఈ పిల్ల అడిగే ప్రశ్న "ఇది పరీక్షకు వస్తుందా" అన్నదా, "ఇలా కాకపోతే ఏమవుతుంది" అన్నదా? పని ముందే అయిపోతే మిగిలిన సమయంలో ఏమి చేస్తోంది? మధ్యాహ్న భోజనం ఎవరి పక్కన కూర్చుని తింటోంది? లెక్కల టీచరును, సైన్స్ టీచరును అడిగినట్టే పీఈటీ సారును, డ్రాయింగ్ టీచరును, హాస్టల్ వార్డెన్‌ను, భోజనం వడ్డించే ఆయాను కూడా అడగండి. ఎవరు ఒంటరిగా తింటున్నారో ఆయాకు తెలిసినంతగా హెచ్‌ఎంకు తెలియదు.

రాసుకున్నది మీ దగ్గరే ఉంచుకోండి. "వీళ్లు మా మేధావులు" అని ప్రార్థన సమావేశంలో నిలబెట్టడం వల్ల ఆ పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు.

రెండో అడుగు: ఒక మనిషిని కేటాయించండి

ఇన్ని అడుగుల్లో ఒక్కటే చేయగలనంటే ఇది చేయండి. ప్రతి పిల్లకూ బడిలో ఒక పెద్ద మనిషి ఉండాలి, వారానికి పది నిమిషాలు ఆ పిల్లతో కూర్చోవాలి. మార్కుల గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, ఈ పది నిమిషాలు దానికి కాదు. ఆ మనిషి క్లాస్ టీచరే కానక్కరలేదు. పిల్ల ఎవరి దగ్గర తేలికగా ఉంటుందో వాళ్లయితే చాలు.

మొదటి రెండు మూడు సార్లు ఏమీ జరగదు. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నాను మేడమ్" అంటారు. ఈ పిల్లలకు పెద్దవాళ్లు ఏ జవాబు కోరుకుంటారో బాగా తెలుసు, అదే ఇస్తారు. అందుకని జవాబు ముందే తయారుగా లేని ప్రశ్న అడగండి. "ఈ వారం ఏ పీరియడ్ అసలు గడవలేదు?" "ఈ మధ్య దేని గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నావు, ఎవరికీ చెప్పకుండా?" "ఫస్ట్ రాకపోతే ఇంట్లో ఎవరు ఏమంటారు?" అడిగాక ఊరుకోండి. నిశ్శబ్దం ఎబ్బెట్టుగా ఉందని మధ్యలో సలహా దూర్చకండి. తొమ్మిదో తరగతి పిల్ల వాతావరణ మార్పు గురించో, చావు గురించో, ఊళ్లో కులం పేరుతో జరిగే అన్యాయం గురించో నిద్ర మానుకుని ఆలోచిస్తుంటే "ఇవన్నీ నీకెందుకు, చదువుకో" అనడం తలుపు మూసేయడమే. "నాకూ దీనికి పూర్తి జవాబు తెలియదు, నీకు ఏమనిపిస్తోంది?" అనండి. ఆ మాటతో ఎంత దూరం మాట్లాడతారో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఒక హద్దు మొదటి రోజే చెప్పాలి. "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి, నీ భద్రతకు ముప్పు ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలిగిన వాళ్లకు చెబుతాను, ముందు నీకు చెప్పే చెబుతాను." ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వేయకండి.

మూడో అడుగు: క్లాసులో విసుగు తగ్గించండి

దీన్ని చదువు సమస్యగా చూస్తాం కానీ మనసుకు సంబంధించిన ఇబ్బంది సగం ఇక్కడే పుడుతుంది. తెలిసిన పాఠాన్ని రోజుకు ఆరు గంటలు వినే పిల్లవాడు మూడు దారుల్లో ఒకటి పడతాడు. కొంటె ప్రశ్నలతో టీచరును ఇరుకున పెడతాడు, కలల్లోకి జారిపోతాడు, లేదా కష్టపడటమంటే ఏమిటో నేర్చుకోకుండానే పదో తరగతి దాటేస్తాడు. ఇందులో చివరిది అన్నిటికన్నా ప్రమాదం. ఇంటర్‌లో మొదటిసారి అర్థం కాని అధ్యాయం ఎదురైనప్పుడు "నాలో ఏదో పోయింది" అనుకుంటాడు.

పదో తరగతి వర్గ సమీకరణాల అధ్యాయం తీసుకుందాం. పాఠం మొదలుపెట్టే ముందు అభ్యాసంలోని చివరి ఐదు లెక్కలు, అంటే కష్టమైనవి, ఇచ్చి చేయమనండి. నాలుగు సరిగ్గా వస్తే మిగతా ముప్పై లెక్కలు వదిలేయండి. ఆ పీరియడ్‌లలో "గుణకాలన్నీ బేసి సంఖ్యలైతే మూలాలు అకరణీయ సంఖ్యలు ఎందుకు కాలేవు?" అన్న ప్రశ్న ఇచ్చి వారం రోజుల సమయం ఇవ్వండి. ఒక్క ప్రశ్న, జవాబు వెంటనే తట్టనిది. ఆ పిల్లవాడు మొదటిసారి రెండు రోజులు తన్నుకులాడి, కాగితం నలిపి, మళ్లీ కూర్చోవడం మీరు చూస్తారు. రానిదాని ముందు ఓపికగా కూర్చోవడం అలా అలవాటవుతుంది.

తొందరగా అయిపోయిందని మరో ఇరవై అలాంటి లెక్కలే ఇవ్వకండి, అది శిక్ష. రోజూ వెనకబడినవాళ్లకు చెప్పమని కూర్చోబెట్టకండి. అప్పుడప్పుడు, ఇష్టపడితే, మంచిదే. రోజూ అయితే వాడు జీతం లేని టీచరవుతాడు, తోటివాళ్లకు దూరమవుతాడు.

క్లాసు దాటించడం గురించి తల్లిదండ్రులు అడుగుతుంటారు. సిద్ధంగా ఉన్న పిల్లను పై తరగతికి పంపితే మనసు దెబ్బతింటుందన్న భయానికి పరిశోధనల్లో పెద్దగా బలం లేదు. మన దగ్గర చిక్కు వేరే. నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, అంటే ముందు పరుగెత్తి అక్కడ ఆగి కూర్చోవాలి. నా సలహా, తరగతి మార్చకుండా బలమైన సబ్జెక్టులో మాత్రం పై తరగతి పీరియడ్‌కు పంపండి. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ కేంద్రం నడిపే ఒలింపియాడ్ల పాత ప్రశ్నపత్రాలు, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల ఆలోచనలకు 10,000 రూపాయలు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకం ఇలాంటి పనికి బాగా ఉపయోగపడతాయి. పోటీలో గెలుపు ప్రధానం కాదని చెప్పడమే కాక, మీరూ అలాగే నడుచుకోవాలి.

నాలుగో అడుగు: తోడు దొరికేలా చూడండి

ఈ పిల్లలకు రెండు రకాల స్నేహితులు కావాలి. ఆలోచనలు పంచుకోవడానికి ఒకరు, కబడ్డీ ఆడటానికి, జోకులు వేసుకోవడానికి ఒకరు. ఇద్దరూ ఒకే మనిషి కానక్కరలేదని చెబితే చాలామందికి గుండె తేలికపడుతుంది. మొదటి రకం స్నేహితులు సొంత క్లాసులో దొరకకపోవచ్చు. శనివారం ఒక పీరియడ్ 8 నుంచి 10 దాకా కలిపి కూర్చోబెట్టండి. చదరంగం, అవధాన పద్యాలు, కోడింగ్, పక్షులు, ఏదైనా సరే. వయసు కన్నా ఆసక్తి కలిపే స్నేహం గట్టిగా ఉంటుంది.

తోటివారిలో కలవడానికి తెలివి దాచుకునే పిల్లలుంటారు. జవాబు తెలిసీ తప్పు రాస్తారు. వాళ్లను నిలదీయకండి. అందరి ముందు పొగడటం మానేయండి, వారానికి ఒకసారి కాగితం మీద రాసిచ్చే జవాబులు పెట్టండి. దాచుకోవలసిన అవసరం తగ్గుతుంది.

దీనికి విరుద్ధమైన పరిస్థితి రెసిడెన్షియల్ చదువుల్లో వస్తుంది. నవోదయలోనో, గురుకులంలోనో, పదో తరగతి మార్కులతో బాసర, నూజివీడు వంటి ట్రిపుల్ ఐటీల్లోనో చేరిన పిల్ల తన ఊళ్లో మొదటిది. ఇక్కడ అందరూ తమ ఊళ్లో మొదటివాళ్లే. మొదటి పరీక్షలో తన పేరు రెండో పేజీలో కనిపిస్తుంది. ఇన్నాళ్లూ "నేనెవరు" అన్నదానికి ఉన్న జవాబు ఆ రోజుతో పోతుంది. ఇంటికి ఫోను చేస్తే అమ్మ "బాగా చదువుతున్నావా" అని అడుగుతుంది. ఆ మొదటి పరీక్షకు ముందే సీనియర్లను పిలిపించి, వాళ్లకు మొదట్లో వచ్చిన మార్కులు వాళ్ల నోటితోనే చెప్పించండి. పెద్దల ఉపన్యాసం కన్నా అది పదిరెట్లు పనిచేస్తుంది. ఫలితాలు వచ్చిన వారంలో వార్డెన్లు రాత్రి గదులన్నీ తిరిగి పలకరించాలి.

ఐదో అడుగు: తప్పు చేయడం మామూలు సంగతని చూపించండి

ఒక జవాబు పత్రం మీ ముందుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ మూడో పేజీలో చెరిపి చెరిపి కాగితం పలచబడి చిన్న చిల్లు పడింది. ఆఖరి రెండు ప్రశ్నలు రాయలేదు. ఆ ప్రశ్నలు రాక కాదు, మూడో పేజీని సరిగ్గా దిద్దడంలోనే గంట గడిచిపోయింది. నిండుగా లేనిదేదీ ఇవ్వకూడదన్న పట్టుదల ఇలా కనిపిస్తుంది. వాయిదా వేయడం, పోటీలకు పేరు ఇవ్వకపోవడం, 98 వచ్చినా ఏడవడం కూడా దాని రూపాలే.

ఇందులో మన పొగడ్తలకు వాటా ఉంది. 1998లో అమెరికా మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కారొల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో కొందరిని "తెలివైనవాడివి" అని, మరికొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత తేలికైన పనినే ఎంచుకున్నారు, ఓటమి ఎదురైతే త్వరగా చేతులెత్తేశారు, తమ మార్కులను ఎక్కువ చేసి చెప్పుకునే ధోరణి కూడా వాళ్లలో ఎక్కువగా కనిపించింది. "నువ్వు మా ఇంటి ఐన్‌స్టీన్‌వి" అనే బదులు "రెండో పద్ధతి పనిచేయలేదని తెలిశాక మూడోది ఎలా తట్టింది?" అని అడగండి. బోర్డు మీద లెక్క తప్పితే చటుక్కున చెరిపేయకుండా "ఎక్కడ తప్పానో చూద్దాం" అని అందరితో కలిసి వెతకండి.

పత్రాలు ఇచ్చేటప్పుడు మార్కులు గట్టిగా చదవడం, సెక్షన్లను ర్యాంకుల వారీగా విడదీయడం, గేటు మీద ఫ్లెక్సీ కట్టడం మానేయాలి. ఇది నా ఒక్కరి కోరిక కాదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయవద్దని, అందరి ముందు అవమానించవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని చెప్పింది. వంద లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని కూడా ఆదేశించింది. తల్లిదండ్రులు చేర్పించే ముందే "మీ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు?" అని అడగాలి.

ఆరో అడుగు: ఇంటిని కలుపుకోండి

పేరెంట్స్ మీటింగ్‌లో టాపర్ తల్లిదండ్రులతో మాట్లాడటం అర నిమిషంలో ముగుస్తుంది. "మీకేమండీ" అంటాం, వాళ్లు నవ్వి వెళ్లిపోతారు. ఈసారి కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోంది? చదువు కాకుండా చివరిసారి ఏమి చేసి సంతోషపడింది? తమ్ముడితో, పిన్ని కూతురితో ఎవరైనా పోలుస్తున్నారా? పోలిక ఇద్దరినీ గాయపరుస్తుంది. వెనకబడ్డ తమ్ముడికి అవమానం, ముందున్న అక్కకు ఇంట్లోనే స్నేహితుడు లేకుండా పోవడం.

అసలు గొడవ పదో తరగతి తర్వాత గ్రూపు దగ్గర వస్తుంది. పది విషయాల మీద ఆసక్తి ఉన్న పిల్లకు ఒకటి ఎంచుకోవడమంటే తొమ్మిదింటిని పోగొట్టుకోవడం. పైగా ఇంట్లో ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో మాట ఉండదు. చరిత్ర చదువుతానంటే "అంత తెలివి ఉండి!" అంటారు. తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకు తెలిసిన భద్రమైన దారులు ఆ రెండే. మిగతా దారుల వివరాలు కాగితం మీద పెట్టి చూపించండి. గణితానికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. సైన్సు పరిశోధనకు తిరుపతిలోనే కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థ ఐసర్ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుల్లో సామాజిక శాస్త్రాలు కూడా ఉన్నాయి. న్యాయవిద్యకు హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం ఉంది. పేరు, ప్రవేశ పరీక్ష, ఫీజు, చదివాక దొరికే పనులు రాసి ఇస్తే నాన్న గొంతు మెత్తబడుతుంది.

ఏడో అడుగు: ప్రమాదాన్ని ముందే పసిగట్టండి

బాగా చదివే పిల్లలు బాధను కూడా బాగా దాస్తారు. మార్కులు తగ్గలేదు కాబట్టి ఏమీ లేదనుకోకండి. నిద్ర, తిండి మారడం, ఇష్టమైన పని మానేయడం, ప్రాణంగా చూసుకునే పుస్తకాలు ఇచ్చేయడం, "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు, ఫలితాల తర్వాత అకస్మాత్తుగా అతి ప్రశాంతంగా కనిపించడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు మాట్లాడండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగినవాళ్లు దొరికారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లను పిలిపించండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లూ స్టాఫ్‌రూములో కాకుండా పిల్లలు చూసే చోట, హాస్టల్ ఫోను పక్కన రాసి ఉంచండి.

ఎనిమిదో అడుగు: తర్వాతి టీచరుకు అప్పగించండి

మే నెలలో చాలా బడుల్లో చేసినదంతా పోతుంది. క్లాస్ టీచరు మారతారు, కొత్తవారు మళ్లీ మార్కుల జాబితాతో మొదలుపెడతారు. అందుకని ప్రతి పిల్లకూ ఒక పేజీ రాయండి. ఏ సబ్జెక్టులో ఎంత ముందుంది, ఏ పని ఇస్తే లీనమవుతుంది, ఎవరితో కూర్చుంటే నవ్వుతుంది, ఏ మాటకు ముడుచుకుపోతుంది, ఏ పెద్ద మనిషితో మాట్లాడుతుంది. రోగాల పేర్లు, ఇంటి రహస్యాలు అందులో వద్దు.

రాశాక ఆ పేజీ ముందుగా ఆ పిల్లకే ఇచ్చి చదవమనండి. ఇష్టం లేని వాక్యాన్ని కొట్టేయమనండి, మీరు వదిలేసింది ఏదైనా ఉంటే చేర్చమనండి. అందులో ఏ వాక్యం కొట్టేస్తుందో గమనించి, వీలైతే ఎందుకో మెల్లగా అడగండి. ఆ మార్పులతోనే జూన్‌లో కొత్త టీచరుకు అందించండి.